బ్యారన్‌లో పియానో

హలో… ఆ, నేనే, ముక్తార్‌ను. హార్మోనియంల ముక్తార్‌ను.

… నిర్మలమ్మా! ట్రంకు కాలా? జల్దీ చెప్పుండ్రి, పక్క కొట్టు సేటు ఫోను ఇది.

… లేదమ్మా, మొన్న మీ ఊరికే బస్సెక్కిన. కొత్తగూడెంలనే దించిండ్రు. గోదారి వరదకు రోడ్డు తెగిందంట. ఏం జేస్త, తిరిగొచ్చిన.

… పియానో ఎట్లున్నది? బురద కడిగిండ్రా? నీడకు పెట్టిండ్రా?

… ఎక్కడ?

… పొగాకు బ్యారన్‌లనా! ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టంలనా!

… నిప్పు గూడ ఏసిండ్రా? ఎవరు?… మీ మామగారా? బసవపున్నయ్య గారే?

… నన్ను జూసినప్పుడల్లా “ఆ డబ్బా ఎప్పుడు తీసకపోతవోయ్” అనేటోడు గదా!

… వరదల అది మునిగినప్పటి నుంచి మీరు తిండి మానేసిండ్రనా… ఆకు ఆరినట్టే ఆరుతదనుకున్నడా. యా అల్లా.

… ఆకు వేరు, అది వేరమ్మా. లోపల వెడల్పాటి పలకుంటది. తీగలకు గొంతు అదే. మెల్లగ, నెలల తరబడి ఆరాలె. వేడి తగిల్తే పగుల్తది. ముందు బయటి పొయ్యిలకెల్లి నిప్పు గుంజేయించుండ్రి, తలుపు మాత్రం తెరవొద్దు, ఒక్కసారే గాలి తగిల్తే—

… తెరిచిండ్రా.

… పియానోను ఫోను పక్కకే తెచ్చి పెట్టిండ్రా.

… సరే. పైమూత ఎత్తి చూడుండ్రి. పగులున్నదా?

… ఎంత? వేలు పడుతదా?

…

… ఈ కొస నుంచి ఆ కొసకా.

… ఏడ్వకుండ్రి. నేనేం చెప్పాల్నమ్మా… చిన్నప్పుడు సికింద్రాబాద్‌ల ఉస్తాద్ దగ్గర నేర్చిన పని. ఖమ్మంల పియానోలేవి? హార్మోనియంలు బాగుచేసుకుంట మర్చిపోయిన. మీది తెరిచిన నాడు చేతులకు మళ్ల పానమొచ్చింది. మా ఇంటామె మలికా అడిగింది, “నీలో నువ్వే నవ్వుతున్నవేంది” అని.

… బాగైతదా అంటే… లేదు. పలకే పోయినంక, నా చేత కాదు. ఎవరి చేత కాదు.

… పలక పగిలిందని మామగారికి చెప్పలేదా? పక్కనే ఉన్నడా?… వద్దు, ఫోను నాకియ్యకుండ్రి, అమ్మా, అమ్మా—

… నమస్తే పెద్దయ్య గారూ. ఆ, వినబడుతున్నది.

… రాత్రంత మీరే కట్టెలేసిండ్రా? గీ వయసుల?… కండ్లు మండవా ఆ పొగకు?

… లేదు, లేదు. మంచిగ చేసిండ్రు. పంట లెక్క చూసుకున్నరు.

… పియానో మెట్టు నొక్కుతరా? ఇప్పుడెందుకు… సరే. ఫోను దగ్గర పెట్టుండ్రి.

…

… ఆ, విన్న. ఇంకోటి నొక్కుండ్రి.

…

… అవ్. టకటక అంటున్నది. అంతే.

… తడి?… ఆ. తడి ఇంకా పోలేదేమో.

… మళ్లనా? బ్యారన్‌లనే?

… కోడలు నవ్వాలె, అవ్ పెద్దయ్యా, నవ్వాలె.

…

… పెట్టుండ్రి. సన్న నిప్పేయుండ్రి. మీరు మాత్రం దూరం కూసోండ్రి, పొగ మింగకుండ్రి.

… వస్త. రోడ్డు పడంగనే వస్త. నేనే వచ్చి—

హలో?… పెద్దయ్యా?… హలో…