ఎర్రగీత దాటిన సూది

(1969, శీతాకాలం. శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె బడి. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు వెళ్లారు. మాట్లాడుకుంటున్నది పంతులమ్మ లీలారాణి, గోగునార గొడౌను కాపలాదారు అప్పలసూరి.)

"పొద్దుట ఉన్నాదమ్మా. ఇప్పుడు నేదు."

"ఏది లేదు, సూరి మావా?"

"అదే... మీ తమ్ముడు పెట్టిన సూది డబ్బీ."

"పరంజ్యోతి పెట్టిన డబ్బీయా? అదెలా పోతుంది? గొడౌను తాళంచెవి నీ మొలకే ఉంటుంది కదా."

"ఉన్నాది. ఇదిగో, సూడు. తాళంచెవికేటీ అవనేదు."

"నేనడిగింది డబ్బీ గురించి."

"కూసిన్ని మంచినీల్లియ్యి, లీలమ్మా."

"కుండలో ఉన్నాయి, ముంచుకో. అంత చెమట ఏమిటి? మైలు దూరం పరిగెత్తుకొచ్చావా?"

"నడిసే వచ్చేను. పరిగెడితే సూత్తారు."

"ఎవరు చూస్తారు?"

"పోలీసు జీపు వచ్చినాది."

"గొడౌనుకా?"

"ఇంకా అక్కడికి రానేదు. బజారు ఈదిలో ఆగినాది. ఇల్లిల్లూ ఎతుకుతన్నారట. కొండల్లో నక్సలైట్ల గొడవలు కదా. వైర్లున్నా, బాటరీలున్నా మనిసిని అట్టుకుపోతన్నారట. నిన్నడిగితే మాత్రం నీకేటీ తెల్దని సెప్పు."

"ఎందుకు చెప్పాలి? అది బాంబు కాదని నీకు పదిసార్లు చెప్పాను."

"సెప్పేవు. నార బేలులో దూర్చింది గింజంత రాయని సెప్పేవు."

"సిలికాన్ ముక్క. గోరు మీద పడుతుంది. ట్రాన్సిస్టర్లూ మిగతా సరంజామా అంతా దాని మీదే ఉంది. బెంగుళూరు పరిశోధనశాలలో మూడు ముక్కలు పాడయ్యాక వాడికి కుదిరిన నాలుగోది అది. దానికి వేడి తగిలితే బయట డబ్బీలో సూది కదులుతుంది. అంతే."

"నీకు తెలుసు. జీపులోవోల్లకి తెలుసా?"

"పరిశోధనశాల వాళ్లిచ్చిన కాగితం నా దగ్గరుంది. ముద్ర కూడా ఉంది."

"ఆ కాయితం సదివీలోగా నా ఈపు సిట్లిపోద్ది."

"ఏం చేశావు, మావా?"

"ఏటి సేత్తాను..."

"ఏం చేశావు?"

"వైరు కోసీసేను. డబ్బీ గెడ్డ నీల్లలో పారీసేను. తప్పయిపోనాది, లీలమ్మా. తిట్టు. తమ్ముడి కాళ్లు నానే అట్టుకుంటాను."

"డబ్బీ పోతే పోయింది. రాయి బేలులోనే ఉందా?"

"ఉంటాది. వైరు కొస కనపడకుండా పైన ఇరవై బేళ్లు ఏయించీసేను."

"అది ఎన్నో వరసలో బేలు?"

"ఏటో. అన్నీ ఒక్కనాగే ఉంటాయి."

"కోసే ముందు సూది చూశావా? రోజూ మూడు పూటలా చూసి నాకు చెప్తావు, నేను వాడికి కార్డు రాస్తాను. ఈవేళ పొద్దుట నువ్వు రాలేదు."

"వత్తే నువ్వు సూడ్డానికి బయల్దేరతావని రానేదు."

"సూది ఎక్కడుంది?"

"అందుకే కదమ్మా నాకు బయమేసినాది. నిన్న సందేల నుంచి ఎక్కుతానే ఉన్నాది. పేలడానికే ఎక్కుతన్నాదనుకున్నాను."

"ఎర్రగీత దాటిందా?"

"దాటీసినాది. రెండు వేళ్ల మందం."

"ప్రభువా."

"కోసీసేను కదా. ఇంకేటి బయం?"

"మావా, ఇలా చూడు. సూది పేలదు. తడి ఆరకుండా కట్టిన నార లోపల మగ్గి వేడెక్కుతోందని చెప్తుంది, అంతే. వైరు కోస్తే ఆ వేడి ఆగదు. నాన్న పోయిన రోజు గుర్తుందా?"

"డేవిడ్‌రాజు బావ... ఎందుకు గుర్తుండదు. గొడౌను తలుపు తీసిందాకా పొగే నేదు."

"తీశాక?"

"గాలి తగలగానే గుప్పుమని మంట లెగిసిపోనాది. ఇంక సెప్పించకమ్మా."

"అందుకే పరంజ్యోతి ఆ రాయి పట్టుకుని మూడేళ్లు కూర్చున్నాడు. లే. మనుషుల్ని పిలుద్దాం. బేళ్లన్నీ బయటికి లాగించాలి."

"జీపు..."

"జీపు సంగతి నేను చూసుకుంటాను. గోనెలు కుట్టే ఆడవాళ్లు ఈవేళ రాలేదు కదా?"

"వచ్చేరు."

"ఇళ్లకి పంపించేశావు కదా?"

"జీపంటే ఆల్లూ జడిసిపోనారమ్మా. నా కూతురు అమ్మడు, సిన్నతల్లి, మరిద్దరు. ఎక్కడైనా దాసీమన్నారు."

"ఎక్కడ దాచావు?"

"బేళ్ల ఎనకాల."

"తలుపు తీసే ఉంచావా, మావా?"

"మూసున్నాదనుకుంటే జీపోల్లు ఎల్లిపోతారు కదా అని... బయట నుంచి తాళమేసేను."

"తాళంచెవి నీ మొలకుంది."

"ఉన్నాదమ్మా. తాళం ఇంకా తియ్యనేదు."