సోమవారం అభిషేకం

ఢిల్లీ మయూర్ విహార్ ఫ్లాటులో, సోమవారం పొద్దున్నే పూజ గూటి ముందు కూర్చుని నున్నటి నల్ల లింగానికి పాలు పోస్తున్న తల్లికి, కూతురి మాటతో చెయ్యి ఆగిపోయింది.

“బీటెక్ మానేసి బీఎస్సీయా?”

“జియాలజీ, అమ్మా. వేరే యూనివర్సిటీలో సీటొచ్చింది. మళ్ళీ ఫస్టియర్ నుంచి.”

“అంటే రాళ్ళ చదువేగా?”

“రాళ్ళ చదువే.”

“సొసైటీలో తెలుగువాళ్ళందరికీ కంప్యూటర్సని చెప్పుకున్నానే! ఇప్పుడు అనసూయగారికి ఏం చెప్పను?”

“ఆంటీకి నేను చెప్తాలే.”

“ఏడాది నుంచీ ఈ స్వామికి మొక్కుతూనే ఉన్నాను, పిల్లకి చదువు మీద మనసు నిలబెట్టమని. నువ్వు తెచ్చిన లింగమే కదా! కాశీదేగా?”

కూతురు నవ్వు ఆపుకుంది.

“కాశీ అని నేనెప్పుడన్నాను? మెట్రో స్టేషన్ పక్కన కంకర కుప్పలో దొరికింది. బాగుందని తెచ్చి నా టేబుల్ మీద పెట్టుకున్నాను. కాలేజీ నుంచి వచ్చేసరికి నువ్వు విభూతి పెట్టేశావు.”

“అప్పుడే చెప్పి చావొచ్చుగా!”

“అప్పటికే కళ్ళు మూసుకుని దండం పెడుతున్నావు. అయినా నీ మొక్కు వృథా పోలేదమ్మా. చదువు మీద మనసు నిలబడింది.”

తల్లి కూతురి వంక చూసింది, రాయి వంక చూసింది. తీసి బయట పెడదామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“ఏ బ్రాంచో కూడా చెప్పి మొక్కాల్సింది,” అంటూ గిన్నెలో మిగిలిన పాలు కూడా దాని మీదే పోసేసింది.