పోయాడని రాసింది నేనే

అబ్బే, నన్నలా చూడకు. గుమ్మంలో నిలబడి అలా చూస్తే నేనేం చెప్పగలను? ముందు లోపలికి రా. కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి... నీకు తెలుసుగా. ఇందులో కూర్చో.

వంటింట్లో ఆ గిన్నెల మోత వినపడుతోందా? అదంతా నా మీదే. నిన్ను చూసి ఒక ఏడుపు ఏడ్చి, నా వైపు తిరిగి మీ అక్క ఏమందో విన్నావుగా? "నా తమ్ముణ్ణి చంపింది చాలక ఇంకా ఆ కంప్యూటరు ముందే కూర్చుంటారా?" అని. నేను చంపానా? ఒరేయ్, నువ్వు చెప్పు, నేను చంపానా? ఒక్క మాట రాశాను. ఒకే ఒక్క మాట!

ఆ ఫోను నా ముందు పెట్టక్కర్లేదు. నేను రాసింది నాకు తెలియదా? "మా బావమరిది పోయాడు. ఇక సాయంత్రాలన్నీ ఖాళీ." ఇదేగా? ఇందులో చచ్చిపోయాడని ఎక్కడుంది? నువ్వు పోలేదూ? పెట్టె పట్టుకుని, నాతో మాట మాత్రం చెప్పకుండా, నీ కూతురి ఊరికి పోలేదూ?

మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ అంతే. మా నాన్న ఆఫీసుకు పోయేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. మేం బడికి పోయేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. మీ ఇంట్లోనే ఆ మాటంటే హడలు. పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో ఉన్నప్పుడు ఎవరో వచ్చి మీ నాన్నగారున్నారా అంటే, నేను వినయంగా "పొద్దున్నే పోయారండీ" అన్నాను. ఆ పెద్దమనిషి అరుగు మీదే కూలబడ్డాడు. మీ అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి నోటితో 'వెళ్ళారు' అనడం నేర్చుకున్నాను. రాసేటప్పుడు మాత్రం పాత మాటే వస్తుంది. వేళ్ళకు మీ అమ్మ భయం లేదు కదా.

నవ్వొచ్చిందా? లేదా? సరే.

అసలీ బ్లాగు పెట్టించింది ఎవరు? నువ్వు కాదూ? "బావా, నీ కబుర్లు వినలేక నా చెవులు అరిగిపోతున్నాయి, ఎక్కడైనా రాసుకుని నన్ను బతికించు" అన్నావు. ఏడేళ్ళయింది. నీళ్ళ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నేను రాసిందేమిటి? "తమరి ఫిర్యాదు అందినది. పరిశీలించబడును." పంపులో నీళ్ళు రానివాడు దాన్ని చదివి తిట్టుకోవడమే తప్ప, బాగా రాశాడయ్యా అన్నవాడున్నాడా? రిటైరయ్యాక నా మాట నేను రాసుకుంటానంటే ఎంత ఉబలాటమో నాకు!

ఎవరు చదివారులే. మొదటి ఏడాది వచ్చిన అతి పెద్ద మెచ్చుకోలు ఏమిటో తెలుసా? "మీ బ్లాగు ఎంతో ఉపయోగకరం, మా దుకాణంలో బూట్లపై భారీ తగ్గింపు." నేను దానికి కృతజ్ఞతలు చెబుతూ పేరా రాశాను. నువ్వు పార్కు బెంచీ మీద పడి పడి నవ్వావు.

అదే బెంచీ మీద కదూ ఆ మాటన్నదీ? నా కంటి ఆపరేషన్ గురించి నాలుగు భాగాలు రాశాను. ఎంత కష్టపడ్డాను! అంతా చదివి, ఫోను నా చేతిలో పెట్టి, "బావా, ఏడేళ్ళుగా చూస్తున్నాను, నీ రాతల్లో నువ్వు తప్ప ఇంకో మనిషి లేడు" అన్నావు.

ఏం, మెల్లగా చెప్పలేకపోయావా? రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బతుకంతా అంత మెత్తగా మాట్లాడినవాడివి కదా!

నేనేమన్నాను? "నచ్చకపోతే పో." అంతే. మళ్ళీ అదే మాట. నువ్వు లేచావు, చెప్పులేసుకున్నావు, పోయావు. తెల్లారి పెట్టె పట్టుకుని ఊరి నుంచే పోయావు. నేను పో అన్నాను, నువ్వు పోయావు, అదే రాశాను. అబద్ధమెక్కడుంది?

రాసిన మర్నాడు పొద్దున లేచి చూసేసరికి... ఒరేయ్, ఎప్పుడూ లేనిది, జనం! ఎక్కడెక్కడి వాళ్ళో. "గుండె బరువెక్కింది సార్." "మీ బాధ మాకర్థమవుతుంది." "వారి ఆత్మకు శాంతి కలగాలి." మొదట నాకేమీ అర్థం కాలేదు. ఎవరి ఆత్మ? అర్థమయ్యాక నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. వెంటనే దిద్దుదామనుకున్నాను. 'పోయాడు' కొట్టేసి 'వెళ్ళాడు' అని పెడితే అయిపోయేది. ఎంతసేపు పని?

కాఫీ తాగి దిద్దుదామనుకున్నాను. కాఫీ తాగేలోగా ఇంకా కొందరొచ్చారు. ఒకాయన "వారి గురించి ఇంకా చెప్పండి" అన్నాడు. ఏడేళ్ళలో ఇంకా చెప్పండి అన్నవాడు ఆయనొక్కడే! చెప్పకుండా ఎలా ఉంటాను?

రోజుకొకటి చెప్పాను. బండి ఆలస్యమని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు గొంతు తగ్గించేవాడివి కదా, ఆ ఆలస్యమంతా నీవల్లే జరిగినట్టు, అది రాశాను. ఏ బండీ లేని వేళ మైకు ఆపేసి, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చున్న ముసలమ్మ దగ్గరికి నువ్వే నడిచివెళ్ళి చెవిలో బండి వేళ చెప్పి రావడం రాశాను. నేనెక్కడా లేను అందులో. చూసుకో కావాలంటే.

ఒక టీచరమ్మ ఉంది. భర్త లేడు. పొద్దున్నే నీ గురించి చదివాకే బడికి బయల్దేరుతానని రాసింది. ఆవిడకి ఇప్పుడేమని చెప్పను? అమ్మా, మీరు తలుచుకుని ఏడ్చిన మనిషి బస్సు దిగి వచ్చి మా కుర్చీలో కూర్చున్నాడు అననా? ఆవిడని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నమ్మితే నమ్ము, మానితే మాను.

మీ అక్క అడిగింది ఇందాక: "వాడికి ఫోను చేస్తే అరిగిపోతారా?" అని. ఎలా చేయను? ఫోను చేస్తే మొదట "తప్పు నాదేరా" అనాలి. రాయడానికి ఆ అవసరం లేదు. చనిపోయినవాణ్ణి ఎంతైనా ప్రేమించవచ్చు, ఎదురు మాట్లాడడు కదా.

ఇప్పుడు నువ్వు బతికుండి కూడా మాట్లాడటం లేదు. ఏమిటిది, పగ తీర్చుకుంటున్నావా?

సరే, ఉండు. నీ ఎదురుగానే టైపు కొడుతున్నాను. చూడు. "మా బావమరిది వచ్చాడు. ఇప్పుడే. నా ఎదురుగా కూర్చున్నాడు." ఇదిగో, పెట్టేశాను. సరిపోయిందా? మీ అక్కకి కూడా వినపడేలా చెబుతున్నాను, పెట్టేశాను!

అదిగో, అప్పుడే ఎవరో రాశారు. కళ్ళజోడేదీ... ఆఁ. "కలలోకి వచ్చారా సార్? అదృష్టవంతులు."

చూశావా? ఇంకేం చేయమంటావు నన్ను?

ఒరేయ్, ఒక మాట చెబుతాను, మీ అక్కతో అనకు. ఇందాక తలుపు తీసి నిన్ను చూశాను కదా. సంతోషం లేదా అంటే, ఉంది. ఒట్టు. కానీ దానికంటే ముందు, ఒక్క క్షణం, 'అయ్యో, ఇక రాయడానికేముంది' అనిపించింది. మనిషి గుమ్మంలో ఊపిరి పీలుస్తూ నిలబడితే నాకు తోచింది అది. నువ్వన్నది నిజమే. ఎంత రాసినా, ఎవరి గురించి రాసినా, లోపల ఉన్నది నేనొక్కణ్ణే.

ఇవాళ పొద్దున నీ నవ్వు గురించి మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. నీ నవ్వు ఎక్కడ మొదలవుతుందో, కళ్ళలోనా, భుజాల్లోనా, ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఒక్కసారి నవ్వవూ? రాయడానికి కాదు. నిజంగా, రాయడానికి కాదు.

లేచావేం? మీ అక్క కాఫీ కలుపుతోంది, గ్లాసుల చప్పుడవుతోంది, విను. వద్దా? చెప్పులెందుకు వేసుకుంటున్నావు? పోతు... వెళ్తున్నావా?

సరే, నేనాపను. ఆపే మొహం కాదు నాది. కానీ అందరూ అనే మాటే, 'వెళ్ళొస్తాను బావా' అని అనవచ్చు కదా. ఎన్ని బండ్లకు చెప్పావు, నాకొక్కడికి చెప్పలేవా? ఒరేయ్, గుమ్మం దాటకముందే, ఆ ఒక్క మాట అనిపో...

ఛ. చూశావా, మళ్ళీ అదే వచ్చింది నోటికి.