మైనాకుడికి చుట్ట ఇచ్చిన దాలయ్య

నా పెనిమిటి కన్నబాబు తెల్లారుజామున తెప్పేసుకుని వేటకెళ్లాడు. పది గంటలకి రావలసినవాడు మూడైనా రాలేదు. గాలి మారింది. రోజూ వేట హార్బరు వైపే గనక, వెతకడానికి రెండు తెప్పలు అటే వెళ్లాయి. మా యారాడలో నీలకంఠం టీకొట్టు ముందు నుంచి సముద్రం బాగా కనబడుతుంది. నేను అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మా తెప్పలో రోజూ వెళ్లే రెండో మనిషి దాలయ్య బావ. ఆవేళ కడుపునొప్పని ఉండిపోయాడు. ఉండిపోయి, బల్ల మీద కూర్చుని మొదలెట్టాడు.

"పోతమ్మా, బెంగెట్టుకోకు. పోయినేడు నా వల రాతికి పట్టేసింది. సిన్న సంగతే. లాగితే రాదు. సరేనని ములిగేను. సుట్ట నోట్లోనే ఉంది, అడ్డపొగ గదా, నిప్పు కొస నోటి లోపలికుంటాది, ఆరదు. అడుక్కెల్లేక ఏటైందో తెలుసా? రాయి కన్ను తెరిసింది."

"రాయికి కన్నేటి బావా?" అన్నాడు నీలకంఠం.

"రాయి కాదురా, మైనాకుడు. పూర్వం కొండలకి రెక్కలుండేవి. ఇంద్రుడు నరికేత్తంటే ఈ ఒక్కడూ సముద్రంలో దాక్కున్నాడు. వణికిపోతన్నాడు పాపం. 'పైన ఆ గుడగుడేటి, వజ్రాయుధమా?' అన్నాడు. కాదు సామీ, అవుటర్ హార్బరు తవ్వుతన్న డ్రెడ్జరు అన్నాను. 'ఇంద్రుడు పంపేడా?' అన్నాడు. ఆయన రిటైరైపోయేడు, ఇప్పుడంతా ఇంజినీర్లే అన్నాను."

"నీళ్లలో మాటాడేవా?"

"సుట్ట ఓ పక్కకి తోసి మాటాడేను. ఆయనా ఓ దమ్ము అడిగేడు, ఇచ్చేను. కొండ వదిలిన పొగకి ఓడలన్నీ మంచు పట్టిందనుకుని ఆగిపోనాయి. ఆ సంతోసంలో నన్నూ తెప్పనీ ఈపు మీద కూకోబెట్టుకుని రెక్కలిప్పేడు. లైటుహౌసు మీంచి ఎగిరేం, దీపం నా కాలికి సుర్రుమంది. సింహాచలం సుట్టూ మూడుసార్లు తిప్పి, గంజి సల్లారకుండా ఇంటికాడ దింపేడు. గాలి మారితే యారాడ తెప్ప ఏదైనా నాను మోస్తానని మాటిచ్చేడు. కన్నబాబిప్పుడు ఆ కొండ మీద కూకుని..."

ఎవరూ నవ్వలేదు. బావ ఇంత చెప్పినా ఒక్కసారి కూడా సముద్రం వైపు తిరగలేదు. మగవాళ్ల మధ్య నోరు తెరవడం నాకు అలవాటు లేదు. అయినా అడిగాను.

"బావా, తెల్లారి నీకు నిజంగా కడుపునొప్పేనా?"

బావ బల్ల దిగాడు.

"కాదే. మబ్బు సూసి భయమేసింది. ఆడికి సెప్పేను, ఇన్లేదు. ఒక్కణ్ణే గనక లోపలికెల్లను, గంగవరం వైపు ఒడ్డెమ్మటే ఉంటానన్నాడు."

"మనోళ్లు హార్బరు వైపు ఎతుకుతన్నారు," అన్నాడు నీలకంఠం. "పొద్దున్నే సెప్పొచ్చు గదా."

"ఎలా సెప్పనురా? అటెందుకెల్లేడని అడగరా? గాలి సంగతి తెలిసే ఉండిపోనానని ఊరంతా అనుకోదా?"

నేనప్పటికే ఇసకలోకి దిగేశాను. వెనకాలే వాళ్లిద్దరూ తెడ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆడది తెప్పని తాకకూడదంటారు మాలో. నేను ఒడ్డునున్న తెప్ప మొద్దుకి భుజమానించి తోస్తుంటే ఎవరూ ఏమీ అనలేదు.