వేములలో రూము

లహరి ఫోను చేసింది. జమ్మలమడుగులో వాళ్ళమ్మ నిర్మలమ్మ ఎత్తింది.

“...అదే అడుగుతాండా మా. నేను వేములలో ఉండానని వానికి ఎవరు చెప్పినారు?”

“ఎవరో ఎందుకు చెప్తారు మే? నువ్వే పెట్టుకుంటివి గదా స్టేటస్‌లో. పాల కేంద్రం పక్కన రూము దొరికింది, పాపను ఆడనే బడిలో చేర్పిస్తానని. మొగునికి తెలీకుండా బిడ్డనెత్తుకుని వచ్చినదానివి, ఊరి పేరు ఫోనులో పెట్టుకుంటారా యాడన్నా?”

“అంటే తప్పు నాదే.”

“ముందునించీ మొత్తుకుంటానే ఉండా. చీర కట్టుకుంటే ఫోటో, దోస పోసుకుంటే ఫోటో. అందురూ చూస్తారు. ఎవరి నోరని మూస్తావు?”

“వాడు నిన్న పొద్దున ఆడికి పోయినాడు మా. పాల కేంద్రం కాడ నిలబడి, ఫోనులో పాప ఫోటో చూపించి, ఈ బిడ్డ యాడుంటాదని కనపడినోళ్ళందరినీ అడిగినాడంట. ఆడుండే భారతమ్మక్క నాకు ఫోను చేసింది.”

“అయ్యో. కొట్టినాడా?”

“ఎవర్ని కొడతాడు?”

“అదేంది అట్లంటావు?”

“పోయిన నెల పులివెందులలో నేను కుట్టే అంగడికొచ్చి అందరి ముందరా జుట్టు పట్టుకుని ఈడ్చినాడు గదా. అప్పుడూ ఇదే అన్నావు నువ్వు. ఎవరో చూసింటారు, ఎవరో చెప్పింటారు అని.”

“మరి కాదా? ఇప్పుడు కూడా ఆ ఐశ్వర్యే చెప్పింటాది. వాళ్ళాయన, మీ ఆయన ఒకే గనిలో పని గదా.”

“ఐశ్వర్య చూడలేదు మా ఆ స్టేటస్.”

“నీకెట్ల తెలుసు? అయితే మీ తమ్ముడు యశ్వంత్. వానికి నోరాగదు.”

“వాడూ చూడలేదు.”

“ఊరందరికీ కనపడేది వాళ్ళకు కనపడలేదంటే ఎట్ల నమ్మేది మే? సరే, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. ఆయప్ప మారినాడు. తాగేది కూడా తగ్గించినాడంట. మొన్న చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు.”

“ఎవరి ముందర?”

“ఎవరో... ఎవరో చెప్పినార్లే.”

“ఎవరి ముందర ఏడ్చినాడు మా?”

“బిడ్డను చూడాలంటే ఎట్ల కాదంటాం మే? తండ్రి గదా. ఎదురుపడి నాలుగు మాటలు మాట్లాడుకుంటే కాపురం సర్దుకుంటాదని...”

“వాడు విరగ్గొట్టిన నా చేతికి కట్టు కట్టించింది నువ్వే మా. నువ్వే అన్నం కలిపి తినిపించినావు. నిన్ను అనుమానపడాలంటే నాకే సిగ్గయింది.”

“ఏం మాట్లాడతాండావు? నేనేం చేసినా?”

“వేములలో నాకు రూము లేదు మా. ఎప్పుడూ లేదు.”

“లేదా? మరి యాడుండావు? పాప యాడుంది? నాకన్నా చెప్పు మే, కన్నతల్లిని.”

“నీకే చెప్పినా మా. ఆ స్టేటస్ నీకొక్కదానికే కనపడేటట్ల పెట్టినా.”