ఖరాబైన బీపీ మిషన్

పద్మారావు నగర్‌లోని ఒక ఆసుపత్రిలో, వరుసగా రెండో డ్యూటీ చేస్తున్న నర్సు కల్పలత సెలవు అడగడానికి హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళింది.

“మేడమ్, తల తిరుగుతుంది. బీపీ చూసుకుంటే నూట డెబ్బై ఉంది. ఈ పూట ఇంటికి పోతా.”

“నీ వయసుల నూట డెబ్బయ్యా? మిషన్ ఖరాబైనట్టుంది. ఏదీ, నాకు చూడు. ఇరవై ఏండ్ల సర్వీసుల నేను ఒక్క సిక్ లీవ్ పెట్టలే.”

కల్పలత ఆమె చేతికి పట్టీ చుట్టింది.

“మీకు నూట తొంభై ఉంది మేడమ్.”

“చెప్పిన కదా, ఖరాబైందని! పో, వార్డుకు పో.”

“పొద్దటి సంది ముప్పై మంది పేషెంట్లకు గీ మిషన్‌తోనే చూసిన. అందరికీ నార్మలే ఉంది.”

“వాళ్ళకేందమ్మా, ఆరాంగ పండుకొని ఉన్నరు!”