రెండు డబ్బల బోటి

"అవ్వా, ఉన్నది మనమిద్దరం. గింత బోటి ఎందుకు తెమ్మన్నవ్? మల్ల ఈ రెండు డబ్బలేంది?"

చెప్త తియ్, తొందరేంది. మొదలు ఆ చెంబు ఇటు జరుపు. ముక్కుకు కట్టిన చున్నీ గూడ తీసెయ్యి బిడ్డా, వాసన నిన్నేం కొరకది. కామారెడ్డిల బట్టల దుకాణంల కొలువు చేసుడేమో గని నాజూకు మస్తు నేర్సినవ్. ఎంత తీసుకున్నడు కటికాయన? మూడు వందల యాభయా? దీనికి? వాని ఇల్లు సల్లగుండ. మా కాలంల ఐదు రూపాలు, మొత్తం బోటి. అడిగితె పైకెళ్లి గింత కార్జం ముక్క గూడ కొసరేసేటోడు.

ఇగో, ఇట్ల పట్టు. ఈ పేగును సీపురుపుల్లకు తొడిగి లోపలిది బయటికి తిప్పాలె. తిప్పి నీళ్లల్ల పిసుకు. ఇంకా. నీళ్లు తేటగయ్యేదాక. ఏడు నీళ్లు అనేది మా అత్త, నేనైతె ఎన్నడు లెక్కవెట్టలే, చేతికే తెలుస్తది. ఈ టవలు లెక్క ఉన్నది పొట్ట. దీనికి గింత సున్నం రాసి, కాగే నీళ్లల్ల ముంచి, కత్తితోని గీకితె నల్లటి తోలంత పోయి తెల్లగ బయటవడ్తది. సూసినవా, ఎట్లున్నదో. మంచిగ కడిగిన బోటికి వాసనే ఉండది. వాసనొచ్చిందంటె అది కడిగినామె తప్పు, బోటి తప్పు కాదు.

ఏమంటుంటి నేను? ఆ, రెండు డబ్బలు.

మా పెండ్లయిన కొత్తల మీ తాతకు ఎకరంనర చెలుక, అది గూడ వానొస్తెనే. నాకు బీడీలు. పొద్దుందాక చాట ఒళ్లె పెట్టుకోని కూసుంటె ఎన్నో కొన్ని పైసలు. మా ఇండ్లల్ల ఎట్లుండేదంటె, ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి. శివరాత్రులే ఎక్కువుండె అనుకో. ఐతారం ఐతారం ఊర్లె యాటను కోసి, మోదుగాకులు పరిచి పోగులు పెడ్తుండిరి. పైసలున్నోళ్లు పోగు తీసుకుంటరు. నాకు పోగు అందకపోవు. దూరంగ నిలవడి సూసుడే. అందరు పోయినంక ఒక దిక్కు తల్కాయ, కాళ్లు, ఒక దిక్కు బోటి మిగిలేటివి. అవి అగ్గువ. అగ్గువంటే అగ్గువే గని ఐదు రూపాలంటె గూడ దినమంత బీడీలు చేసిన కూలి. మల్ల మొత్తం బోటి ఒక్క ఇంటికి ఎక్కువైతది. ఇప్పటి లెక్క ఫ్రిజ్జులా ఏమన్ననా, మిగిలింది తెల్లారేసరికి పాడైతది.

అట్ల నిలవడ్డనాడే సాయవ్వ కలిసింది. కలిసుడంటే, పక్క ఇల్లే, ఎర్కే. నాకంటె రెండేండ్లు పెద్దది. సన్నగ, పొడుగ్గ, ముక్కుకు ఎడమ దిక్కు పుల్ల. ఆమె పెనిమిటి చెరుకు నరుకుటానికి మహారాష్ట్ర దిక్కు పోతుండె, వస్తుండె, ఇంట్ల ముగ్గురు పిల్లలు. ఆమె గూడ నా లెక్కనే దూరంగ నిలవడ్డది. నా మొకం సూసి, బాలా, సగం సగం తీసుకుందామా అన్నది. గంతే. ఆనాటి సంది పదేండ్లు, పదకొండనుకో, మీ చిన్నత్త పుట్టిందాక అనుకో, ఇద్దరిదొకటే బోటి.

మొదటిసారి పంచుకునేటప్పుడు మా అత్త గడప మీద కూసోని ఒక్క మాటన్నది. పంచేటిది ఒకామె, ఎంచుకునేటిది ఒకామె, గట్లయితె మీ నడుమ కొట్లాట రాదు అని. ఎంత తెలివో సూడు ముసల్దానికి. కోసినామె ఎక్కువ తక్కువ చేస్తె నష్టం తనకేనాయె. ఇగ సాయవ్వ పంచేటిది, నేను ఎంచుకునేటిదాన్ని. ఆమె చెయ్యి గట్టిది, కత్తి పట్టుకుంటె తరాజు అక్కరలేదు. వాగుకు పోయి ఇద్దరం కడుక్కుంటుంటిమి. బండ మీద గీకుకుంట ఊరి ముచ్చట్లన్ని ఒడుస్తుండె. ఎవలి కోడలు అలిగింది, ఎవల బర్రె ఈనింది, అన్ని. ఒకసారి ఆమె ఒక కథ చెప్తుంటె నేను నవ్వి నవ్వి పేగులు వాగుల ఇడిసిపెట్టిన. ఇద్దరం చీరెలు ఎగజెక్కోని దాని ఎంబడి ఉరికినం. దొరికింది. దొరకకుంటె ఆనాడు పచ్చిపులుసే.

మీ నాయన నా కడుపుల ఉన్నప్పుడు ఇంకొక గమ్మతి. సాయవ్వ రెండు కుప్పలు పెడ్తది గదా, ఎప్పటి లెక్క సమానంగనే కనవడ్తయి. గని ఒక కుప్పల అడుగున మెత్తటి ముక్కలన్ని ఉంటుండె. ఆ కుప్ప నా దిక్కు జరిగి ఉంటుండె. నేను ఎర్కలేనట్టు దాన్నే తీసుకుంటుంటి. ఆమె ఎర్కలేనట్టు రెండోది తీసుకుంటుండె. ఈ ముచ్చట ఇద్దరం ఎన్నడు నోటితోని అనుకోలే.

వండుడు గూడ చెప్పాల్నా? పుంటికూర ఏసి వండితె బోటికి మించింది లేదు. నూనె కాగినంక ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, బోటి ఏసి దాని నీళ్లు దాన్నే గుంజుకొనియ్యాలె. మెత్తగ ఉడికినంకనే పుంటికూర, ముందుగాల ఏస్తె పులుపుకు ముక్క గట్టిగైతది. మనుషులు ఎక్కువైననాడు నానిన శెనిగపప్పు రెండు పిడికిళ్లు. పప్పు ఏసిననాడు మీ నాయన పప్పు ఇడిసిపెట్టి ముక్కలు ఏరుకుంటుండె, నేను పప్పుతోని తింటుంటి. ఆనిగెపుకాయ కూరల యాట బొక్కలు ఏస్తె గూడ గంతే, ఒక బొక్క షోర్వకు ఇల్లంత జొన్నరొట్టెలు తింటుండిరి. కుండల కూడు కుండల్నే ఉండాలె, పోరలు దుడ్డు లెక్క ఉండాలె అంటరు సూడు, గా సంసారం చేసినం మేము.

నీళ్లు పారబొయ్యి, మల్లొకసారి పట్టు. ఆ, గట్ల.

తర్వాత మీ తాత దుబాయ్ పోయిండు. ఏడు నెలలకు మొదటి డ్రాఫ్టు వచ్చింది. నాకు కండ్లు నెత్తికెక్కినయి అనను గని, సగం దాకైతె పోయినయి. ఆ ఐతారం నేను ముందువడి పోయి పోగు తీసుకున్న. కార్జం గూడ ఏపిచ్చుకున్న. అందరు సూస్తుంటె ఒక షాన్. సాయవ్వ గిన్నె చంకల పెట్టుకోని నాకోసం ఆడనే నిలవడ్డది. నేను పోయి, అక్కా, నేను పోగు తీసుకున్న, ఈసారి బోటి అంత నువ్వే తీస్కో అన్న. నా మనసుల ఏముండె అంటె, సగం బదులు మొత్తం ఆమెకే పోతది, మంచిదే గదా అని. ఆమె కొంగుల రెండున్నర రూపాలే ఉన్నయని నాకు తట్టలే. పదేండ్లు ఆ రెండున్నర నా రెండున్నర కలిపినదాన్ని, నాకే తట్టలే.

ఇంటికొచ్చి వండిన. వండి, మంచి మంచి ముక్కలేసి, నిండుగ ఒక సత్తు గిన్నె మీ పెద్దత్తకిచ్చి సాయవ్వ ఇంటికి పంపిన. పావురంతోనే, ప్రేమతోనే పంపిన బిడ్డా, దేవుని మీద ఒట్టు. పొద్దూకినంక గిన్నె వచ్చింది. తోమి, తళతళ, ఉత్తది.

నీకు తెల్వదు గని, కూర పంపిన గిన్నెను ఉత్తగ తిరిగి పంపరు. ఏదో ఒకటి ఏస్తరు. పిడికెడు బియ్యం, బెల్లం ముక్క, ఏం లేకుంటె రెండు మిరపకాయలు. ఉత్త గిన్నె పంపినమంటె నీకు నాకు తెగింది అన్నట్టు. నాకు నెత్తి తిరిగింది. గంత మంచిగ పంపితె ఉత్త గిన్నె పంపుతదా, నా సంపాదన సూసి ఓరుస్తలేదు అనుకున్న. ఓర్వలేనితనం అనుకున్న, సాయవ్వకు. తెల్లారి నుంచి బీడీల చాట తీసుకోని వాళ్ల అరుగు మీదికి పోకుంట మా వాకిట్లనే కూసున్న. ఆమె గూడ రాలే.

మాటలు బందు కాలే. ఎదురైతె మంచిగున్నవా అంటె, మంచిగున్న. పెండ్లిళ్లకు పిలుచుకున్నం. గని ఆ సగం మల్ల రాలే. ఐతారం వస్తె నాకు చెయ్యి గుంజేది, ఏదో మరిచిపోయినట్టు. పోగు మాంసం వండుకుంట అటు దిక్కు చెవి పెడ్తుంటి, ఆమె ఇంట్ల మసాలా నూరిన సప్పుడు వస్తదా అని. రాకపోవు. ఏ వాడకట్టుకన్న పోయి తెచ్చుకుంటున్నది కావచ్చు అనుకుంటుంటి. అడగలే. అడిగేతందుకు నోరు రాలే.

మీ తాత పానం పోయిననాడు సాయవ్వ వచ్చింది. నా పక్కకు కూసోని నా చెయ్యి తన ఒళ్లె పెట్టుకున్నది. పొద్దుందాక అట్లనే. అప్పుడన్న గిన్నె సంగతి అడుగుతె అయిపోతుండె. ఆ ఎండకాలమే తన బిడ్డ లక్ష్మి కాడికి తాడ్వాయి పోయింది, ఇల్లు తాళమేసి. ఇప్పటికి నాలుగేండ్లు.

మొన్న ఎల్లారెడ్డిల పెండ్లికి పోయినం గదా, నువ్వు ఫోటోలు దిగుతుంటివి సూడు, ఆడ లక్ష్మి కలిసింది. బంతిల పక్కకు కూసున్నది. ఆకుల మటన్ ఏస్తుంటె, మా అవ్వకు బోటంటె పానం చిన్నమ్మా అన్నది. నేను ఊకోక, మరి ఆనాడు ఉత్త గిన్నె ఎందుకు పంపింది మీ అవ్వ అని అడిగేసిన. ఇన్నేండ్లది అట్ల తన్నుకొచ్చింది. లక్ష్మి నా మొకం సూసింది. ఏమన్నదో ఎర్కేనా?

"చిన్నమ్మా, ఆనాడు మా అవ్వ కూర మాకు పెట్టి, గిన్నె తోమి, ఇల్లంత దేవులాడింది. ఇంట్ల పిడికెడు జొన్నలున్నయి. గిన్నెల ఏసింది, తీసింది, మల్ల ఏసింది. గంత మాంసానికి గిన్ని జొన్నలా అని సిగ్గయి మల్ల తీసింది. ఏడ్చుకుంట ఉత్తదే పంపింది. ఆ తర్వాత మా ఇంట్ల ఐతారం కూర లేదు. మొత్తం కొనే తాకత్ లేదు, సగానికి మనిషి దొరకలే."

సగానికి మనిషి దొరకలే. పక్క ఇంట్లనే ఉన్న నేను. ఆమె పోరగాండ్లు మా ఇంటి మసాలా వాసన సూసుకుంట పండుకున్నరు. నేను మంచి చేసిన అనుకోని ఆమె సగం గుంజుకున్న. కలిపి కొనుక్కున్ననాడు ఇద్దరం ఒక్కటే. గిన్నెల వండి పంపిననాడు నేను పెట్టేటిదాన్నయిన, ఆమె తినేటిదయింది. ఆమె జొన్నలేసినా నేను కండ్లకు అద్దుకుంటుంటి. గని ఆమెకెట్ల తెలుస్తది, పొద్దున నా షాన్ సూసింది గదా.

ఆ తర్వాత మస్తు తిన్న. కొడుకు తెచ్చిండు, అల్లుండ్లు తెచ్చిండ్రు, కామారెడ్డి హోటల్ల బిర్యానీలు గూడ తిన్న. ఏది నోటికి ఆనలే. నాకు కూర మీద కాదు పానం గుంజేది, సాయవ్వ మీద. ఆ బండ మీద ఎదురెదురుగ కూసోని గీకాలె, ఆమె ఏదన్న అనాలె, నేను నవ్వాలె. ఇప్పుడు నాకు మోకాళ్లు లేవు, ఆమెకు పండ్లు లేవట.

ఏడుస్తలేను, ఉల్లిగడ్డ. కోయలేదా? సరే తియ్, కోస్త.

అయిపోయిందా కడుగుడు? పసుపు, ఉప్పు పట్టియ్యి. ఇగ జరుగు, కత్తి నాకియ్యి. అన్నేండ్లు ఆమె పంచింది, నేను ఎంచుకున్న. ఈసారి నేను పంచుత. ఇది ఇందుల, ఇది అందుల. సూడు, సమానంగున్నదా? ఆ.

మూతలు పెట్టి రెండు డబ్బలు నీ స్కూటీల పెట్టుకో. తాడ్వాయికి ఎంతసేపు, గంటకు తక్కువే. వండి పంపుతలేను సూడు, పచ్చిదే. పోయినంక రెండు డబ్బలు ఆమె ముంగట పెట్టు. అమ్మమ్మా, మా అవ్వ పంచింది, నువ్వు ఎంచుకోవాలెనట అని చెప్పు. ఆమె ఇడిసిపెట్టింది నాకు తే, పుంటికూర తెంపి పెడ్త. మల్ల, ఆమె వంతు పైసలు అడుగు. మూడు వందల యాభైల సగం. అట్ల సూడకు నన్ను. అడగాలె, ఇచ్చినయి ఇచ్చినట్టు తీసుకోవాలె. వద్దన్నవనుకో, మల్ల ఉత్త గిన్నె కథనే అయితది.

పో బిడ్డా, ఎండ ముదరకముందే పో. పైలంగ నడుపు. సల్లగుండు. పెద్ద కొలువు కాకున్న మాయె, పెద్ద ఇల్లు లేకున్న మాయె, సగం ఇయ్యి అని నిన్ను అడిగేటి మనిషి ఒక్కామె నీకు దొరకాలె. దొరికితె ఇడువకు.

అగో, ఆగు. ఎర్ర మూత డబ్బ ఉన్నది గదా, దాన్ల అడుగున మెత్తటి ముక్కలు పెట్టిన. అది ఆమె దిక్కు జరిపి పెట్టు. ఏం చెప్పకు. ఆమెకు ఎర్కైతది. ఎర్కలేనట్టు తీసుకుంటది... తీసుకుంటదంటవా, బిడ్డా?